పిల్లర్లు తక్కువైన గళ్ళనుడికట్టు

ఆ శనివారం పొద్దున దయాసాగర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫస్టు షిఫ్టు దిగేలోపు గని ముందరి నోటీసు బోర్డుకు ఒక కాగితం అంటించాలి. సాయంత్రం క్లబ్బులో సామ్యేల్ పరువు తీయాలి. ఆ తర్వాత ఇంటికొచ్చి గోదావరి చేపల పులుసుతో తృప్తిగా భోంచెయ్యాలి. ఈ మూడింటిలో మొదటిది మాత్రం అనుకున్నట్టే జరిగింది.

దయాసాగర్ గోదావరిఖని దాపున వేపలగుట్ట గనిలో ట్రేసరు. సర్వేయర్లు కొలుచుకొచ్చిన గని దారుల్ని పల్చటి గుడ్డ మీద నల్ల సిరాతో తీర్చి గీయడం అతని ఉద్యోగం. గీత ఎంత చక్కగా ఉన్నా గీసినవాడి పేరు ఎవరూ అడగరు. ఆ లోటంతా శనివారం సాయంత్రం క్లబ్బులో తీరేది. రామగుండం స్టేషన్లో దిగిన వారపత్రిక క్లబ్బుకు చేరగానే, అందులోని గళ్ళనుడికట్టును దయాసాగర్ నింపి, ఫ్యాను కింద పేము కుర్చీలో కూర్చుని ఏ మాట ఎలా వచ్చిందో విడమరిచి చెప్పేవాడు. జనం నోళ్ళు తెరుచుకుని వినేవారు. ఆ కాసేపూ మేనేజరు కూడా అతనికి లెక్కలో ఉండేవాడు కాదు.

కాసిపేట నుంచి బదిలీ మీద, కార్మికులకు గని దీపాలు ఇచ్చి పుచ్చుకునే లాంపు రూం గుమాస్తాగా సామ్యేల్ వచ్చి ఈ సుఖానికి గండి కొట్టాడు. దయాసాగర్ పెన్సిలు చెక్కుకునేలోపు అతను నిలబడే సగం గళ్ళు చెప్పేసేవాడు. పోనీ గర్వమైనా ఉందా అంటే లేదు. "అన్నకు ముందే తెలుసు, నాకు చాన్సిచ్చిండు" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే దయాసాగర్‌కు ఒళ్ళంతా కారం రాసినట్టుండేది. రెండు వారాల్లో పేము కుర్చీ సామ్యేల్ వైపు జరిగింది. ఎవరు జరిపారో తెలియలేదు. అంటే అందరూ జరిపారన్నమాట.

అదైనా ఓర్చుకునేవాడేమో. ఒకనాడు భార్య సుసన్నా అన్నం వడ్డిస్తూ, "సామ్యేల్ తమ్ముడు ఎంత మంచిగ సమజ్ చేయిస్తడో! మీరు చెప్తుంటే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వకపోయేది," అంది.

"మరి ఇన్నేండ్లు నవ్వినవు గద?"

"పెండ్లాన్ని గదా, నవ్వకపోతె ఎట్ల?"

ఆ పూట దయాసాగర్ సగం అన్నంలో లేచాడు. కుళ్ళుకున్నాడు. పచ్చిగా, కడుపారా కుళ్ళుకున్నాడు. వారం రోజులు 'ఆఫీసు పని' అని సుసన్నాకు చెప్పి తలుపు వేసుకుని, సొంతంగా ఒక గళ్ళనుడికట్టు తయారు చేశాడు. అందులో ప్రతి ఆధారమూ సామ్యేల్‌కు ఒక వాత. 'లాంపు రూములో దొరికేది. వెనక నుంచి పిలిస్తే బురదలోంచి పలుకుతుంది' అని రాసుకుని, తన తెలివికి తనే మురిసి, నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వాడు. నలుగురిలో ఈ ఆధారాలు చదివితే విప్పలేక, విప్పినా తలెత్తుకోలేక సామ్యేల్ మళ్ళీ కాసిపేట బస్సెక్కుతాడని అతని నమ్మకం.

అయితే ఒక భయం ఉంది. ఆధారాలు ముందే అంటిస్తే సామ్యేల్ మధ్యాహ్నానికల్లా విప్పేస్తాడు. అందుకని వాటిని చొక్కా జేబులో దాచి, ఉత్త గళ్ళు మాత్రమే బోర్డుకు అంటించాడు. ట్రేసరు కదా, చేతి అలవాటు కొద్దీ మూలన ఉత్తర దిక్కు బాణం గీశాడు. కింద స్కేలు కూడా వేశాడు. 'వివరాలు సాయంత్రం ఐదింటికి, క్లబ్బులో' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఆ కాగితం మీద ఎక్కడా గళ్ళనుడికట్టు అన్న మాట లేదు.

బొగ్గు గని ప్లాను ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తర్వాత జరిగింది వింతనిపించదు. పైకప్పు కూలకుండా తవ్వకుండా వదిలేసే బొగ్గు స్తంభాలు నల్ల గళ్ళు, వాటినే పిల్లర్లంటారు. మధ్యలో తవ్వుకుపోయే దారులు తెల్ల గళ్ళు. ఫస్టు షిఫ్టు వాళ్ళు దీపాలు నడుముకు కట్టుకుని బోర్డు ముందు ఆగారు. అందరికంటే ముందు ఆగినవాడు గట్టయ్య. కప్పుకు కర్రలు పోటు పెట్టే టింబర్‌మన్ అతను. పైకప్పు చప్పుడు విని దాని మనసులో మాట చెప్పగల మనిషి.

"ఎవడ్రా గిది గీసింది? గింత పెద్ద జాగకు ఒక్కటే పిల్లరా? కప్పు దేని మీద నిలుస్తది, మన నెత్తుల మీదనా?"

"నంబర్లు గూడ ఏసిండ్రు కాకా. పదిహేడో నంబరు జాగ ఎవలిది?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"ఎవలిదైతేంది, ఆడ దిగినోడు మల్ల పైకి రాడు. ఇగో, వివరాలు సాయంత్రమట! పొద్దుగాల దిగి చచ్చినోనికి సాయంత్రం వివరాలు చెప్తరట!"

గట్టయ్య దీపం విప్పి నేల మీద పెట్టి కూర్చున్నాడు. షిఫ్టంతా అతని వెనక కూర్చుంది.

అండర్‌మేనేజరు పరుగున వచ్చాడు. ఆ ప్లాను ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కానీ అంతమంది కార్మికుల ముందు ఆ మాట ఎలా ఒప్పుకుంటాడు? "ఓహో, ఇదా? నాకు తెలిసిందే. పైనుంచి వచ్చింది," అన్నాడు.

"పైకెల్లి వస్తే కింద సచ్చేది మేము గద సారూ! ఇంకో రొండు పిల్లర్లన్న పెరగాలె," అన్నాడు గట్టయ్య.

అండర్‌మేనేజరు కాసేపు ఆలోచించినట్టు గడ్డం నిమురుకుని, జేబులోంచి ఫౌంటెన్ పెన్ను తీసి రెండు తెల్ల గళ్ళను నల్లగా దిద్దేశాడు. "ఇక దిగండి."

జనం గుసగుసలాడుకున్నారు. రెండు పిల్లర్లు ఇంత జల్ది ఇచ్చాడంటే ఇంకో నాలుగు అడగాల్సింది. అదీకాక మేనేజరు సంతకం ఉంటే తప్ప నమ్మడానికి లేదు. ఎవరూ లేవలేదు.

అండర్‌మేనేజరు కాగితం ఊడబీకుకుని మేనేజరు గదికి పోయాడు. మేనేజరు కళ్ళద్దాలు సవరించుకుని, "ఊఁ, ఇదేగా. నేను చూశాను. ఇంతకీ ఇది మీ దగ్గరికెలా వచ్చింది?" అన్నాడు.

"మీరే పంపారనుకున్నాను సార్."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత మేనేజరు గంట కొట్టి ట్రేసరును పిలిపించాడు.

బయట షిఫ్టంతా బైఠాయించిందనీ, దానికి కారణం తన గళ్ళేననీ వినగానే దయాసాగర్‌కు ముందు తన క్వార్టరు గుర్తొచ్చింది. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. క్వార్టరు పోతే సుసన్నా ఏమంటుందో అతను ఊహించదలచుకోలేదు. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి లాంపు రూం కనబడింది. అక్కడ సామ్యేల్ ఏదో చెబుతున్నాడు, చుట్టూ చేరినవాళ్ళు నవ్వుతున్నారు. తెరిచిన నోట్లోంచి నిజం బదులు ఇంకోటి వచ్చింది.

"నేను ట్రేసర్ను సార్. ఇచ్చింది గీస్త. గిది లాంపు రూం సామ్యేల్ గీయమంటే గీసిన."

సామ్యేల్ వచ్చాడు. కాగితం చూశాడు. చూడగానే అతని మొహం వెలిగింది. తర్వాత దయాసాగర్‌ను చూశాడు. సున్నం కొట్టిన గోడలా పాలిపోయి ఉన్న ఆ మొహంలో అతనికి భయమే కనబడింది, కుళ్ళు కనబడలేదు.

"గిది ప్లాను కాద్సార్, గళ్ళనుడికట్టు. క్లబ్బుల ఆడుకునేది. అవు, నేనే గీయమన్న. అన్నది ఏం తప్పు లేదు. నన్నే ఏమన్న అనుండ్రి," అన్నాడు.

దయాసాగర్ గుండె నిమ్మళించింది. ఇక సామ్యేల్‌కు పడే శిక్ష కోసం చెవులు రిక్కించాడు.

మేనేజరు మాత్రం శిక్ష సంగతి ఆలోచించే స్థితిలో లేడు. ఆడుకునే గళ్ళకు అండర్‌మేనేజరు రెండు పిల్లర్లు మంజూరు చేశాడనీ, దాన్ని ముందే చూశానని తను బొంకాననీ బయటపడితే బొగ్గు గనుల బెల్టంతా చెప్పుకుని నవ్వుతుంది. ఆయన వరండాలోకి నడిచి గొంతు సవరించుకున్నాడు.

"కార్మిక సోదరులారా! ఇది మేము మీకు పెట్టిన పరీక్ష. తప్పుడు ప్లాను అంటిస్తే కళ్ళు మూసుకుని దిగుతారా, లేక ఆగి అడుగుతారా అని చూశాం. మీరు నెగ్గారు! ఈ గొప్ప ఆలోచన మన సామ్యేల్‌ది. సాయంత్రం క్లబ్బు సభకు నేనే అధ్యక్షత వహిస్తాను. అందరూ కుటుంబాలతో రండి."

గట్టయ్య ఉరికొచ్చి సామ్యేల్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. దయాసాగర్ కూడా చప్పట్లు కొట్టాల్సి వచ్చింది.

సాయంత్రం క్లబ్బులో కాలు పెట్టే చోటు లేదు. గళ్ళ కాగితం గోడకు వేలాడింది. పేము కుర్చీలో సామ్యేల్‌ను కూర్చోబెట్టారు. అతను దయాసాగర్ చెవిలో, "అన్నా, ఆధారాలు నీ తాన్నే ఉంటయి గద, ఇయ్యరాదు," అన్నాడు. దయాసాగర్ సంతోషంగా ఇచ్చాడు. అప్పుడు అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. సామ్యేల్ తన మీది తిట్లు తన నోటితోనే, మేనేజరు ముందు చదువుకోబోతున్నాడు మరి!

సామ్యేల్ మొదటిది చదివాడు. "లాంపు రూములో దొరికేది. వెనక నుంచి పిలిస్తే బురదలోంచి పలుకుతుంది. రొండక్షరాలు." పకపకా నవ్వాడు. "దీపం! వెనకకెల్లి చదువుండ్రి, 'పందీ!' అని పిలిచినట్టు లేదా? అంటె లాంపు రూముల కూసున్న నేనన్నట్టు!"

క్లబ్బు కప్పు ఎగిరిపోయేలా నవ్వింది. "తన మీద తనే ఏసుకుండు సూడు!" అన్నాడు గట్టయ్య.

సామ్యేల్ రెండోది చదివాడు. "కాపలా కాసి, వాడ చేరితే, గొప్పలు పోయేవాళ్ళ ఊరు. కాపలా 'కాసి', వాడంటె 'పేట'. మా కాసిపేటనే! మేం గొప్పలకు పోయేటోళ్ళమే, అబద్ధమేముంది?"

జనం పొట్టలు పట్టుకున్నారు. సుసన్నా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత పెద్ద మనసు!" అంది. ఆ మాట దయాసాగర్ చెవిలో సీసం పోసినట్టు పడింది. వారం రోజులు తను నూరిన కత్తులన్నీ ఆ మనిషికి పూలదండలవుతున్నాయి.

చివరిది మిగిలింది. "కళ్ళకు ముందర కొమ్ము మొలిస్తే, ఎదుటివాడి మంచి చూడలేనిది." సామ్యేల్ గోడ మీది గళ్ళు చూసి తల గోక్కున్నాడు. రెండో గడి మీద అండర్‌మేనేజరు పెట్టించిన పిల్లరు కూర్చుని ఉంది. ఎన్ని అక్షరాలో కూడా తేలడం లేదు. "గిది మీకే ఇడిచిపెడుతున్న. చెప్పుండ్రి సూద్దాం," అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. మేనేజరు పైకి చూశాడు. అండర్‌మేనేజరు కిందికి చూశాడు. దయాసాగర్ పళ్ళ బిగువున కూర్చున్నాడు. కానీ తన మాట, తను కన్న మాట, అలా అనాథగా పడి ఉంటే ఎంతసేపని ఊరుకుంటాడు?

"కుళ్ళు!" అని అరిచి లేచాడు. "కళ్ళు అన్న మాటల మొదటి అక్షరానికి కొమ్మిస్తే కుళ్ళు! ఎదుటోన్ని సూసి ఏడ్సుడు!"

"భేష్! ఎలా తెలిసింది?" అన్నాడు మేనేజరు.

"నేనే రాసిన గనుక! గళ్ళు నేనే గీసిన, ఆధారాలు నేనే రాసిన, గీ సామ్యేల్‌కు ఏం తెల్వదు! పొగిడితే నన్ను పొగడాలె! చప్పట్లు నావి! గా కుర్చీ నాది!" దయాసాగర్ మొహం కందగడ్డయింది. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సామ్యేల్ కుర్చీలోంచి లేచి, "నిజమే సార్, అన్ననే రాసిండు," అన్నాడు. ఆ మంచితనానికి చలించి ముందు గట్టయ్య చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు. సుసన్నా అయితే మొగుణ్ణి చూసి, మొహమాటం లేకుండా, మనసారా నవ్వింది.

మాటకు అర్థం చెప్పి ఊరుకోకుండా దాన్ని అంత సహజంగా నటించి చూపించినందుకు, దయాసాగర్‌ను మేనేజరు గారు అధ్యక్షోపన్యాసంలో ప్రత్యేకంగా అభినందించారు.