అబూ మిస్ఫర్ తండ్రి తుపాకీ

దేవన్న ఇఖామా, సౌదీలో ఉండనిచ్చే ఆ కార్డు, పోయింది నర్సింలు నోటి వల్ల. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ప్రతిచోటా సౌదీ వాళ్లకు పని ఇవ్వాలనే నితాఖత్ చట్టం వచ్చాక, మలాజ్‌లో వాళ్లిద్దరూ పనిచేసే ఏసీ రిపేరు దుకాణం కూడా ఒక సౌదీని ఉద్యోగిగా చూపించవలసి వచ్చింది. చూపిస్తే దుకాణం పచ్చ, లేకుంటే ఎరుపు. ఎరుపైతే ఎవరి ఇఖామా రెన్యువల్ కాదు. దుకాణం యజమాని అయిన కఫీల్ తన మేనమామ అబూ మిస్ఫర్‌ను కాపలాదారుగా రాయించాడు. పేరుంటే చాలు, రానక్కరలేదు. ఆ సంగతి ముసలాయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. రోజూ పొద్దున్నే గహ్వా కాఫీ ఫ్లాస్కుతో, దుప్పట్లో చుట్టిన తుపాకీతో వచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకునేవాడు. తూటాలు లేవు కనుక ఎవరూ ఏమీ అనలేదు.

అది తన తండ్రి ఒక ఇంగ్లీషు సిపాయి దగ్గర గుంజుకున్న తుపాకీ అని ఆయన చెప్పేవాడు. కాదు, సంతలో కొన్న తుర్కీ తుపాకీ అని తమ్ముళ్లు అనేవారు. అన్నదమ్ముల మధ్య అదే పాత తగువు.

నర్సింలు ఊళ్లో కొన్నాళ్లు హోంగార్డు. బోల్టు లాగి పేల్చే పాత తుపాకీ ఏదైనా వాడికి త్రీనాట్‌త్రీయే. దుప్పటి తొలగించి ఒక్కసారి చూశాడు.

"త్రీనాట్‌త్రీ! ఇంగ్లీషోళ్లదే. మా ఠాణాల గిసొంటియే ఉండె."

అదే మాట వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. ముసలాయన లేచి వాడి నుదుటి మీద ముద్దు పెట్టాడు.

"నీకెందుకురా గీ ముచ్చట? నువ్వెన్నడన్న పేల్చినవా?" అని దేవన్న అడిగాడు.

"పేల్చుడేందన్నా, నూనె పెట్టి తుడిచేటోన్ని."

ఆ శుక్రవారం బట్టలు ఉతుక్కుని, పప్పు వండుకుని పడుకోవాలన్నది దేవన్న ఆలోచన. బట్టలు నానబెట్టాడో లేదో కఫీల్ ఫోన్ చేశాడు.

"మామ తన తమ్ముళ్లందరినీ తోటకు పిలిచాడు. హిందీ పోలీసు, అంటే మీ నర్సింలు, తుపాకీ పేల్చి అది ఇంగ్లీషుదని నిరూపిస్తాడట. మామనూ వాడినీ బండిలో తీసుకుపో. ముసలాయన అలిగి మానేస్తే దుకాణం ఎరుపు. నీ ఇఖామా గడువు ఈ వారమే, గుర్తుంచుకో."

పరాయి దేశపు పనివాడికి తలకింత అని సర్కారు వేసే లెవీ కట్టలేక కఫీల్ అప్పటికే సగం మందిని ఇంటికి పంపాడు. భార్య పోయాక దేవన్నకు ఊళ్లో ఎదురుచూసేవారు లేరు. పని ఉన్న చోటే ఇల్లు. బట్టలు నీళ్లలోనే వదిలేసి బయలుదేరాడు.

తోటలో తమ్ముళ్లు తివాచీ మీద కూర్చుని ఉన్నారు. ఇసుక దిబ్బ మీద నెయ్యి డబ్బా నిలబెట్టారు. ముసలాయన ఎక్కడో సంపాదించిన త్రీనాట్‌త్రీ తూటాను రెండు చేతులతో అందించాడు. నర్సింలు దాన్ని లోపల పెట్టాడు. తూటా అడుగున గాజులా ఉబ్బిన అంచు అడ్డం తగిలి బోల్టు మూసుకోలేదు.

"పట్టలేదురా," అన్నాడు దేవన్న మెల్లగా.

"పడ్తదే. శానా ఏండ్లాయె గద, బిగుసుకున్నది." అరచేత్తో బోల్టును గుద్దాడు. తూటా ఇరుక్కుపోయింది. అటు పోదు, ఇటు రాదు.

అందరికంటే చిన్న తమ్ముడు నవ్వాడు. ముసలాయన మొహం చూసి దేవన్న బండిలోంచి ప్లయర్ తెచ్చాడు. తుపాకీ నడుముకు గట్టిగా తోలు చుట్టి ఉంది. ప్లయర్‌కు పట్టు దొరకడం లేదు. కుట్టు కోసి తోలు ఊడదీశాడు. అంచు పట్టుకుని నెమ్మదిగా గుంజితే తూటా వచ్చింది. దేవన్న సంతోషించాడు. ఆ సంతోషం అతనొక్కడిదే.

చిన్న తమ్ముడు వంగి చూసి, "సుల్తాను ముద్ర! తుర్కీదే!" అని అరిచాడు.

తోలు కింద ముద్ర ఉంది. దాని మీద ఆకురాయి గీతలున్నాయి. ఎవరో చెరపబోయి, చేతకాక తోలు చుట్టారు. అబూ మిస్ఫర్ ఇసుక వైపు చూస్తున్నాడు.

అక్కడితో ఊరుకోవలసింది. ముసలాయన పరువు నిలపాలని దేవన్న, తన మాట నెగ్గించుకోవడానికి చిన్న తమ్ముడు వెంట తెచ్చుకున్న తుర్కీ తూటా అడిగి తీసుకున్నాడు. దానికి అంచు లేదు. మెత్తగా కూర్చుంది. బోల్టు గడియలా పడింది.

"నువ్వే కొట్టు, చాచా. డబ్బా పడితే ఎవరూ నవ్వరు."

ముసలాయన కొట్టాడు. డబ్బా పడలేదు. తలమీది నల్ల తాడు ఊడి మెడలో పడింది. దిబ్బ అవతల కొత్త నీళ్ల ట్యాంకుకు చిల్లు పడి నీళ్లు ధారగా కారాయి. తమ్ముళ్లు తివాచీ మీద పడి దొర్లారు.

తిరుగు దారంతా ముసలాయన ఆ తోలును తుపాకీకి మళ్లీ చుట్టుతూనే ఉన్నాడు.

మర్నాడు కఫీల్ దుకాణానికి వచ్చాడు. "మామ ఉద్యోగం మానడు. దుకాణం పచ్చే. అందరి ఇఖామాలూ అవుతాయి."

దేవన్న గుండె కుదుటపడింది.

"నీది తప్ప. ఆ తోలు విప్పిన మనిషి ఉన్న గుమ్మంలో కూర్చోడట. నీకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టాను, ఇక ఇంటికే."

"మరి నర్సింలు?"

"వాడు ఉండాలట. తన తండ్రి మాట నిజమని పదిమందిలో అన్న మగాడు వాడొక్కడేనట."

సామాను సర్దుకుంటుంటే నర్సింలు గుమ్మంలో నిలబడ్డాడు. "గా తోలెందుకు ఇప్పితివే, అన్నా? నేను గుద్దితే పట్టేదే గదా."

దేవన్న సూట్‌కేసు జిప్పు లాగాడు.

ఎందుకు వచ్చావని ఊళ్లో అడిగితే లెవీ అన్నాడు. తుపాకీ మాట ఎత్తిన నర్సింలుతో మాత్రం దేవన్నకు ఇక మాటల్లేవు.