పర్దా కంపెనీకి ఈశ్వరయ్య అప్పగించిన గుట్టు

మానవజాతి అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పే హక్కు తమదంటే తమదని రెండు మహా కంపెనీలు కొట్లాడుకుంటున్న 2013లో, తొండుపల్లి ఈశ్వరయ్యకు ఉన్నది ఒక్కటే ప్రశ్న: 'విమానమంటే భయం పోవాలంటే ఏం చేయాలి?'

ఈ సంగతి అతను నోరు తెరిచి ఎవరినీ అడగలేడు. విమానంలో మూడుసార్లు ఢిల్లీ వెళ్లొచ్చానని ఊరంతా చెప్పుకున్నాడు మరి. (ఎయిర్‌పోర్టులో అతను చూసింది పార్కింగ్ ఒక్కటే.) ఇప్పుడేమో భార్య రుక్కమ్మ చుట్టాలందరికీ తిరుపతికి విమానం టికెట్లు తీయించి, "మా ఆయనకు అన్నీ ఎర్కే, ఎంబడి ఉంటడు" అని భరోసా ఇచ్చేసింది.

అందుకని గుట్టుగా ఫోన్‌లో, ఏదడిగినా వెతికిపెట్టే 'ధూండో' కంపెనీని అడిగాడు. ధూండో జవాబు చెప్పి ఊరుకోలేదు. మర్నాటి నుంచి రుక్కమ్మ ఆ ఫోన్‌లో వంకాయ కూర ఎలా వండాలో చూసినా సరే, పక్కనే 'విమానమంటే వణుకా? మా దగ్గరికి రండి!' అంటూ ప్రకటనలో ఓ డాక్టరు నవ్వసాగాడు.

"ఏందయ్యా, గీ డాక్టరు నిన్ను ఇడిచిపెడ్తలేడు?" అంది రుక్కమ్మ.

"అందరికీ గట్లనే వస్తదే," అన్నాడు ఈశ్వరయ్య చెమట తుడుచుకుంటూ.

ఆ వారమే శంషాబాద్ బస్టాండు దగ్గర పోటీ కంపెనీ 'పర్దా' టెంటు వేసింది. 'మీరేం వెతికినా మేం చూడం' అన్నది దాని ప్రతిజ్ఞ. (చూడకుండా ఉండటానికి పదహారు పేజీల ఫారం నింపాలి.) ఈశ్వరయ్య వెళ్లి లైన్లో నిలబడ్డాడు. వెనకాలే పక్కింటి బుచ్చయ్య.

టై కట్టుకున్న గోప్యతాధికారి అరుణ్‌కుమార్ తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగాడు. "ధూండోలో మీరేం వెతికారో చెప్పండి సార్. ఏది చూడకూడదో మాకు తెలియాలి కదండీ."

ఈశ్వరయ్య వంగి అతని చెవిలో చెప్పాడు. చెప్పింది సరిగ్గా విన్నాడో లేదో నిర్ధారించుకోవాలని నిబంధన. అరుణ్‌కుమార్ మైకు అందుకున్నాడు.

"విమానమంటే భయం. ఇంతవరకు ఎక్కనే లేదు. కరెక్టేనా సార్?"

లైనంతా తల తిప్పి ఈశ్వరయ్యను చూసింది. బుచ్చయ్యే ముందు తేరుకున్నాడు.

"మరి మబ్బులు కాళ్ల కిందికెళ్లి పోతయంటివి గదనే?"

"టీవీల చూసిన, బుచ్చన్నా," అన్నాడు ఈశ్వరయ్య. విమానం విషయంలో అతను నిజం చెప్పడం అదే మొదలు.

ఫారం చివర ఒక ప్రశ్న మిగిలింది: 'మీ గోప్యతకు భంగం కలిగిందా?' కలిగిందని రాయాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలన్నాడు అరుణ్‌కుమార్.

లైన్లో ఉన్న ముప్పై ఏడు మందీ ముందుకొచ్చారు.