ప్రమాదరహిత పెరడు

కంచరపాలెంలో మా వీధి చివరనున్న అర్జునరావుగారి పెరటిని ఈ వేసవి నుంచి ప్రమాదరహిత పెరడుగా ప్రకటించడమైనది. ప్రకటించినది అర్జునరావుగారే. పెరటివైపు ఇంటి గోడమీద పచ్చరంగుతో ఆ మేరకు బోర్డు కూడా రాయించారు. ఆ బోర్డుకు జానెడు దూరంలో, సన్‌షేడ్ కింద, దిబ్బరొట్టె అంత కందిరీగల గూడు వేలాడుతోంది. రెండూ ఒకే వారంలో వెలిశాయి.

అర్జునరావుగారు ఆషామాషీ మనిషి కాదు. ఇనుప సామాన్లు చేసే ఒక ఫ్యాక్టరీలో భద్రతాధికారిగా చేసి రిటైరయ్యారు. ఆయన హయాంలో అక్కడ ఒక్క ప్రమాదమైనా జరగలేదని చెప్పే ప్రశంసాపత్రాలు హాలు గోడల నిండా ఉన్నాయి. అందుకు ఆయన పాటించిన పద్ధతి చాలా సులువైనది. పర్మనెంటు ఉద్యోగికి దెబ్బ తగిలితే ప్రమాదం. కాంట్రాక్టు కూలీకి తగిలితే అది కూలీకీ కాంట్రాక్టరుకీ మధ్య సొంత వ్యవహారం. బరువు పనులన్నీ కాంట్రాక్టు కూలీలకే అప్పగించడంతో ప్రమాదాలు వాటంతటవే తగ్గిపోయాయి. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడింది. కాబట్టి ప్రస్తుతం అక్కడ నిజంగానే ప్రమాదాలు జరగడం లేదు.

ఇక గూడు సంగతి. దానికి సరిగ్గా కింద కుళాయి ఉంది. ఆ కుళాయి దగ్గర పీట వేసుకుని చిట్టమ్మ రోజూ అంట్లు తోముతుంది. జాలరిపేట నుంచి బస్సెక్కి వస్తుంది. ఆవిడ భర్త సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. వేసవిలో వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డెక్కి ఉంటాయి. చేపలు ప్రశాంతంగా గుడ్లు పెట్టుకునే ఆ రోజుల్లో చిట్టమ్మ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆవిడ రెండు చేతులే దిక్కు. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. కందిరీగలకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అర్జునరావుగారి భార్య గౌరీశ్వరిగారు గూడు చూసి హడలిపోయి, పురుగుల మందు కొట్టే మనిషిని పిలిపించారు. అతను మెడ పైకెత్తి చూసి, తన ధర చెప్పాడు. అర్జునరావుగారు ఆ ధర విని, అతనికి చల్లటి మంచినీళ్ళిచ్చి, ఫోన్ నంబరు తీసుకుని, మర్యాదగా గేటు దాకా సాగనంపారు. అదే సాయంత్రం వరండాలో సమీక్షా సమావేశం జరిగింది. దానికి ఆయన కాక హాజరైన ఏకైక సభ్యుడు పక్కింటి ఎల్లారావు. ఆనందపురం నుంచి కూరగాయలు తెచ్చి అమ్ముకుంటాడు, వరసకు అర్జునరావుగారికి బావ.

"కందిరీగ కుట్టడం కందిరీగ తప్పు కాదు, అవగాహనా లోపం," అన్నారు అర్జునరావుగారు. "అవగాహన పెంచితే గూడు ఉన్నా లేనట్టే. దీనికి బడ్జెట్ అవసరం లేదు, సంకల్పం ఉంటే చాలు."

ఎల్లారావు చప్పట్లు కొట్టాడు. అప్పటికి టీ ఇంకా రాలేదు.

మొదటి విడతలో కొబ్బరి పీచూ వేపాకూ కలిపి పొగ పెట్టారు. పొగ పైకి పోతుందన్న అంచనా శాస్త్రీయమైనదే గానీ ఆ పూట సముద్రపు గాలి ఇంటివైపు వీచింది. గౌరీశ్వరిగారు దగ్గుకుంటూ వీధిలోకి వచ్చి నిలబడ్డారు. కందిరీగలు మర్యాదగా కాసేపు పెరటి గోడకివతల ఉన్న మా ఇంటివైపు వచ్చి, పొగ తగ్గాక వెళ్ళిపోయాయి. మేమేమీ అనుకోలేదు.

రెండో విడతలో అర్జునరావుగారు ఫోన్‌లో ఒక వీడియో చూశారు. ఒక గూడున్న చోట కందిరీగలు ఇంకో గూడు కట్టవనీ, ఖాకీ కాగితం సంచిలో పాత పేపర్లు కూరి వేలాడదీస్తే శత్రువుల కోట అనుకుని పారిపోతాయనీ అందులో చెప్పారట. సంచి ఇంట్లోనే ఉంది, పేపర్లూ ఉన్నాయి, ఖర్చు సున్న. వేలాడదీశారు. కందిరీగలు ఆ కోటను అన్ని వైపులా తిరిగి పరిశీలించి, నచ్చి, దాని అడుగున రెండో గూడు మొదలుపెట్టాయి. అడక్కుండా నీడ ఇచ్చినవాళ్ళని ఎవరు మాత్రం కాదంటారు? అర్జునరావుగారు దీన్ని వైఫల్యంగా భావించలేదు. కందిరీగల దృష్టిని మొదటి గూటి నుంచి విజయవంతంగా మళ్ళించగలిగామన్నారు.

మూడో విడతలో సబ్బునీళ్ళు. హోలీకి మిగిలిపోయిన పిచికారీలో సబ్బునీళ్ళు నింపుకుని ఎల్లారావు ప్రహరీగోడెక్కాడు. గురి తప్పి నీళ్ళు బోర్డు మీద పడ్డాయి, ప్రమాదరహితంలో సగం రంగు కారిపోయింది. మిగిలిన నీళ్ళు గూటి అంచున తగిలాయి. కందిరీగలకు ఒళ్ళు మండింది. ఎల్లారావు గోడ దూకేశాడు. మర్నాడు పొద్దున్న ఏమీ తెలియని చిట్టమ్మ పీట వేసుకుని కూర్చుంది.

కాసేపటికి ఆవిడ మోచేతి దాకా వాచిన చేతిని ఎడం చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"బాబూ, సెయ్యి సూడండి ఎలాగ వాసిపోనాదో. ఆ గూడు తీయించీండి. నేదంటే కుళాయైనా ఇటేపుకి మార్పించీండి. మా ఇంటాయనకి వేట నేదు. ఈ సెయ్యి పడిపోతే నాను ఇల్లెలాగ నడపీది?"

అర్జునరావుగారు ఓపిగ్గా విన్నారు. కుళాయి మార్చడం మూలధన వ్యయమనీ, గూడు తీయించడం నిర్వహణ వ్యయమనీ, ఈ ఏడాది రెండింటికీ కేటాయింపులు లేవనీ వివరించారు. అయినా కార్మికుల భద్రత విషయంలో రాజీపడే మనిషి కాదు గనక అటక మీంచి తన పాత హెల్మెట్ దింపించి, తుడిపించి, చిట్టమ్మకు స్వయంగా పెట్టారు. ఆ సందర్భంగా ఎల్లారావు ఫోటో తీశాడు.

మర్నాడు హెల్మెట్ పెట్టుకుని అంట్లు తోముతున్న చిట్టమ్మను కందిరీగలు రెండు చేతుల మీదా కుట్టాయి. తలమీద ఒక్కటి కూడా కుట్టలేదు. హెల్మెట్ నూటికి నూరుపాళ్ళు పనిచేసిందని అర్జునరావుగారు నిర్ధారించారు.

ఇప్పుడు బోర్డు చెరిపెయ్యాలేమో అని గౌరీశ్వరిగారు సందేహించారు. అక్కర్లేదన్నారాయన. చిట్టమ్మ ఇంటి మనిషి కాదు, బయటినుంచి వచ్చి పోయే మనిషి, ఆవిడకు జరిగింది ఈ ఇంటి ప్రమాదాల్లోకి రాదు. పండగనాడు చీర పెట్టేటప్పుడు చిట్టమ్మ మా ఇంటి మనిషేనని ఆయన నలుగురిలో చెప్పే మాట నిజమే. కానీ అది పండగలకు సంబంధించిన నిబంధన, కందిరీగలకు వర్తించదు.

రెండు చేతులూ లేవక చిట్టమ్మ పనిలోకి రావడం మానేసింది. అంట్లు పేరుకుపోయాయి. ఎవరో ఒకరు తోమాలి. అర్జునరావుగారికి నడుం నొప్పి ఉందన్న విషయం అప్పుడే బయటపడింది. గౌరీశ్వరిగారు కొంగు దోపుకుని పీట వేసుకున్నారు. మొదటి గిన్నె కడగకముందే కందిరీగ ఆవిడ చెవి కింద కుట్టింది.

ఆవిడ పెట్టిన కేక రైల్వే గేటు దాకా వినిపించింది. అర్జునరావుగారు పెరట్లోకి పరుగెత్తుకొచ్చారు. ఇన్నేళ్ళుగా ఆయన నోట వింటున్న ఆఫీసు భాష ఒక్కసారిగా ఎటు పోయిందో తెలియదు.

"బావా, ఏటి సూత్తన్నావ్, తొరగా రా. మీ సెల్లిని కుట్టీసింది," అన్నారు గోడ మీంచి.  నిజంగా భయపడ్డారు పాపం, భార్యంటే ప్రాణం ఆయనకి.

ఆ వెంటనే మందు కొట్టే మనిషికి ఫోన్ చేసి, నువ్వెంతంటే అంతే, ముందు బయల్దేరమని బతిమాలారు. అతను వచ్చాడు, మందు కొట్టాడు, రెండు గూళ్ళూ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. అంతటి మహాకార్యం గౌరీశ్వరిగారి చెవికి రాసిన సున్నం ఆరేలోగా పూర్తయింది.

అర్జునరావుగారు నిజాయితీపరులు. భార్యను కుట్టడం ప్రమాదమేనని ఒప్పుకున్నారు. బోర్డు చెరిపించి, ఆ సాయంత్రమే మళ్ళీ కొత్తగా రాయించారు. మిగిలింది బడ్జెట్. మందు కొట్టినందుకైన ఖర్చును, చిట్టమ్మ పనిలోకి రాని రోజుల జీతం కోసి సర్దుబాటు చేశారు. ఆ విధంగా ఇంటి మీద పైసా భారం పడకుండా కందిరీగల సమస్య శాశ్వతంగా పరిష్కారమైంది. వీధి సంఘం వారు శాలువా కప్పారు.

వాపు తగ్గాక చిట్టమ్మ వచ్చింది. చేతిలో పెట్టిన డబ్బు చూసుకుంది. సన్‌షేడ్ కింద ఖాళీ చూసింది. గౌరీశ్వరిగారు జరిగిందంతా చెప్పారు. చిట్టమ్మ అర్జునరావుగారి వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"మరి నన్ను కుట్టినప్పుడు ఆ మందు కొట్టీ ఆయన నంబరు మీకాడ నేదేటి బాబూ?"

"నంబరు ఉందమ్మా," అన్నారు అర్జునరావుగారు. "అప్పుడు ప్రమాదం జరగలేదు కదా."

చిట్టమ్మ డబ్బు కొంగున ముడేసుకుని పీట వేసుకుంది. వేట నిషేధం ఇంకా ఎత్తలేదు. గోడకివతల నిలబడి వింటున్న నాకు ఒక్క క్షణం సిగ్గేసింది. ఈలోగా మా ఆవిడ కాఫీ ఇచ్చింది.

ఆ జవాబులో తప్పేమైనా ఉందా అని సాయంత్రం మా వీధి పెద్దలం కూర్చుని చర్చించాం. ఏమీ దొరకలేదు. మీకు దొరికితే చెప్పండి. కాకపోతే చెప్పేముందు, మీ ఇంట్లో అంట్లు తోమే చోట నెత్తిమీద ఏం వేలాడుతోందో ఒకసారి చూసి రండి. మా ఇళ్ళల్లో ఏముందో మేం చెప్పలేం. అటువైపు మేమెవరం వెళ్ళం.