ఎత్తు పరిశీలక సంఘం

అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కు ఒక తెలుగు బిడ్డను అందించి తీరాలని న్యూజిలాండ్‌లోని మా మనుకావు తెలుగు సమాఖ్య ఆగస్టు నెల సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించింది. ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది అన్న అభిప్రాయం కూడా అప్పటికి ఏకగ్రీవంగానే ఉండేది. అది 2016. అక్టోబరులో లోకల్ బోర్డు ఎన్నికలు. మా అధ్యక్షులు వీరేశం అంకుల్ అందులో అభ్యర్థి. ఈ రెండింటికీ సంబంధం లేదని ఆయనే మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ మినిట్స్‌లో రాశాను.

మినిట్స్ రాసేది నేనే. జనగామ దగ్గర మా ఊరి బడిలో తొమ్మిదో తరగతి దాకా చదివి ఇక్కడికి, ఆక్లాండ్‌లోని మనురేవాకు వచ్చాను. ఇక్కడి స్కూల్లో రెండేళ్ళలో నేను ఇంగ్లిష్‌లో మాట్లాడిన మాటలన్నీ డైరీలో ఒక్క పేజీకి సరిపోయాయి. అందులో సగం "సారీ". మా నాన్న శేషయ్య సమాఖ్యకు జాయింట్ సెక్రటరీ. జాయింట్ సెక్రటరీ అంటే కుర్చీలు వేసేవారు. "మాట్లాడని పిల్ల మినిట్స్ మంచిగ రాస్తది" అని అంకుల్ నన్ను నియమించారు. నాకది మొదటి పదవి. ఆ వారమంతా స్కూలుకు కొంచెం నిటారుగా నడిచాను. ఎవరూ గమనించలేదు.

తెలుగు బిడ్డ పేరు సృజన్. విజయ ఆంటీ కొడుకు, ఐదేళ్ళప్పుడు వచ్చాడు, ఆక్లాండ్‌లో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. యూనివర్సిటీ క్లబ్బులో అమెరికా ఫుట్‌బాల్ ఆడతాడు. అతని స్థానాన్ని పాస్ రషర్ అంటారు. అవతలి జట్టులో బంతి విసిరేవాడు ఒకడుంటాడు. వాడి ముందు ఐదుగురు భారీ మనుషులు గోడ కడతారు. వాడు బంతి విసిరేలోగా ఆ గోడ దాటి వాణ్ణి పట్టుకోవాలి. మొత్తం మూడు సెకన్ల పని. దానికోసం సృజన్ అన్న ఆరేళ్ళుగా తెల్లవారుజామున లేస్తున్నాడు.

అమెరికాలో ఒక జట్టుకు ఆటగాళ్ళను వెతికిపెట్టే వాకర్ అనే స్కౌట్ ఆ సెప్టెంబరులో ఆక్లాండ్ వస్తున్నాడు. అన్న ఆయనకు పదకొండు ఈమెయిళ్ళు రాశాడు. పన్నెండోది రాయకుండా ఉండేందుకు కాబోలు, ఆయన జవాబిచ్చాడు. శనివారం ఎయిర్‌పోర్టుకు వెళ్తూ దారిలో ఉన్న గ్రౌండు దగ్గర రెండూ ఇరవైకి ఆగుతాడట, మూడింటికి కారెక్కాలట. నలభై గజాల పరుగు చూస్తాడు, నాలుగు కసరత్తులు చూస్తాడు, ఫారం నింపుతాడు. ఆ ఫారం అమెరికా వెళ్తేనే డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే చోట, పేరు పరిశీలనకు వస్తుంది. వచ్చే ఏడాదికి అన్న యూనివర్సిటీలో ఉండడు, కాబట్టి రెండో శనివారం లేదు.

ఆ శనివారం ఆ గ్రౌండు సమాఖ్య పేరు మీద బుక్కయి ఉంది. అన్న మా దగ్గరికి వచ్చింది అందుకే. అడిగింది గ్రౌండు ఒక్కటే. సమాఖ్య అంత తక్కువ ఇచ్చే సంస్థ కాదు.

ముందుగా అభ్యర్థిని శాస్త్రీయంగా అంచనా వేయడానికి ఐదుగురితో ఎత్తు పరిశీలక సంఘం వేశారు. అది వీరేశం అంకుల్ వాళ్ళ గరాజ్‌లో కూర్చుంది. రాజేశ్వరమ్మ ఆంటీ జాకెట్లు కుట్టే టేపు తెచ్చారు. అది అన్న గడ్డం దగ్గరే అయిపోయింది. అక్కడ పెన్సిల్ గీత పెట్టి మళ్ళీ కొలిస్తే ఐదడుగుల పది అంగుళాలు తేలింది. బరువుకు ప్రతి ఇంట్లో ఉండే సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు తెచ్చారు గానీ, అన్నను దానికి వేలాడదీయడం ఎలాగన్న విషయంలో సంఘం చీలిపోయింది. చివరికి అన్న చెప్పిన తొంభై ఎనిమిది కిలోలను విశ్వసించాలని తీర్మానించారు.

ఈ పనికి ఆరడుగుల మూడంగుళాలు ఉండాలని ఉపాధ్యక్షులు శ్రీనివాసులు గారు ఫోన్లో చూసి చెప్పారు. సంఘం బాధగా తల పంకించింది. సంఘ సభ్యుల సగటు ఎత్తు ఐదడుగుల నాలుగు. అందులో అధ్యక్షులు ఐదడుగుల మూడు. ఆయన స్టూలెక్కి, అన్న భుజం మీద చెయ్యివేసి చెప్పారు.

"పొట్టోనివైనవ్ రా, సృజన్. ఏం జేస్తం."

"తెలుసంకుల్. కానీ షార్ట్‌గా ఉంటే ప్లస్ కూడా ఉంది. లో గా వెళ్తే వాళ్ళ చేతుల కిందనుంచి దూరొచ్చు. ఫస్ట్ స్టెప్ ఫాస్ట్‌గా ఉండాలి, హ్యాండ్స్ వాడాలి, ఆగకూడదు. అంతే."

"గిది నాకు జెప్తున్నవా? నేను ముప్పై ఏండ్ల సంది జేస్తున్న."

అందరూ నవ్వారు. నేను "నవ్వులు" అని బ్రాకెట్లలో రాశాను.

బయటికి వచ్చాక అన్న నా చేతిలో ఒక స్టాప్‌వాచ్ పెట్టాడు. శనివారం ఎంత హడావుడి జరిగినా, రెండున్నరకల్లా నేను వాకర్ దగ్గరికి వెళ్ళి, "సర్, హి ఈజ్ రెడీ టు రన్" అనాలట. ఆ తర్వాత టైమ్ తీయాలట. నన్నే ఎందుకని అడగలేదు, అడిగే అలవాటు లేదు. అతనే చెప్పాడు.

"వీళ్ళందరిలో మైక్ చూసి ఆగిపోయేది నువ్వొక్కదానివే, అక్షయా. స్పీచ్ ఇవ్వవు. అదే కావాలి."

నా లోపాన్ని ఎవరైనా అర్హతగా గుర్తించడం అదే మొదటిసారి. ఇంటికెళ్ళి, వాకర్‌తో చెప్పాల్సిన ఆ ఇంగ్లిష్ వాక్యాన్ని డైరీలో పద్నాలుగుసార్లు రాశాను. ఏడోసారికల్లా అక్షరాలు చాలా గుండ్రంగా వచ్చాయి.

శనివారం సరిగ్గా రెండూ ఇరవైకి వాకర్ కారు దిగాడు. పొడవాటి మనిషి, చేతిలో అట్టకు బిగించిన ఫారం. దిగినవాడు దిగినట్టే చప్పట్లు విని వెనక్కి చూశాడు, తన వెనక ఇంకెవరో ఉన్నారనుకుని. గ్రౌండులో ఎనభై మంది ఉన్నారు. షామియానా ఉంది. బ్యానర్ మీద వీరేశం అంకుల్ ఫొటో పెద్దగా, అమెరికా జెండా మధ్యస్థంగా, సృజన్ అన్న పేరు కింద కుడివైపున ఉన్నాయి. గ్రౌండులో ఎత్తుపల్లాలు లేని చోటు ఒక్కటే. అన్న అక్కడ ముందురోజే నలభై గజాలు కొలిచి సున్నం గీతలు వేసుకున్నాడు. గీతలు తిన్నగా ఉన్నాయని మా నాన్న వాటి వెంబడే కుర్చీలు వేశారు. వరసలు చాలా బాగా వచ్చాయి.

జ్యోతి ప్రజ్వలనతో సభ మొదలైంది. న్యూజిలాండ్ గాలికి మన సంస్కృతి తెలియదు. మొదటి వత్తి వెలిగించేసరికి రెండోది ఆరింది, రెండోది వెలిగించేసరికి మొదటిది. నలుగురు గొడుగులు పట్టారు. అతిథి కూడా ఒక గొడుగు పట్టాడు. రెండూ ముప్పై ఒకటికి ఐదు వత్తులూ ఒకేసారి వెలిగాయి, ఫొటో తీసేదాకా నిలిచాయి.

అప్పటికి నేను ఒక నిమిషం ఆలస్యం. లేచాను. అతిథికి శాలువా కప్పుతున్నారు, శాలువా మధ్యలో మాట్లాడటం మర్యాద కాదని కూర్చున్నాను. రెండో శాలువా మహిళా విభాగం తరఫున. మూడోది శ్రీనివాసులు గారి సొంతం. ఆయన కూడా అదే బోర్డుకు పోటీ చేస్తున్నారని ఆ శాలువాతోనే అందరికీ తెలిసింది. అధ్యక్షులు వెంటనే నాలుగోది తెప్పించారు. వాకర్ ముఖం కాస్త కనబడుతూనే ఉంది.

గ్రౌండు అవతలి అంచున సృజన్ అన్న హెల్మెట్ పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. ఒకసారి నా వైపు చూసి మణికట్టు మీద వేలితో కొట్టి చూపించాడు. నేను కూడా నా మణికట్టు చూసుకున్నాను, అతనేదో నేర్పిస్తున్నట్టు.

రెండూ నలభై రెండుకు నేను నిజంగా నడిచాను. కుర్చీల పక్కనుంచి, స్పీకరు వెనకనుంచి, వాకర్‌కు చెయ్యి చాపితే అందేంత దగ్గరకు వెళ్ళాను. వాక్యం నోట్లో పూర్తిగా ఉంది. అంతలో రాజేశ్వరమ్మ ఆంటీ నా చేతిలో మిర్చి బజ్జీల ప్లేటు పెట్టి, "మంచిగొచ్చినవ్ బిడ్డా, సారుకియ్యి" అన్నారు. నేను ప్లేటు చాపి "సర్" అన్నాను. ఆయన ఒక బజ్జీ తీసుకుని "థాంక్యూ" అన్నాడు. నేను "యు ఆర్ వెల్కమ్" అన్నాను. డైరీ ప్రకారం అది ఆ నెలలో నా అత్యంత పొడవైన ఇంగ్లిష్ వాక్యం.

తర్వాత అన్నను స్టేజీ మీదికి పిలిచారు. అతను పరుగున వచ్చాడు, తన వంతు అనుకున్నాడు పాపం. గాలికి బ్యానర్ ఊగుతోంది, ఫొటోల్లో అధ్యక్షుల ముఖం మడత పడుతోంది, దాని పైఅంచు అందేవాడు సమాఖ్యలో అతనొక్కడే. హెల్మెట్‌తోనే రెండు చేతులూ పైకెత్తి బ్యానర్ పట్టుకుని నిలబడ్డాడు. వదిలితే కొట్టుకుపోయేది.

రెండూ యాభై ఐదుకు వందన సమర్పణ. అది జాయింట్ సెక్రటరీ చేయాలి, కానీ మా నాన్న మైక్ అందుకునేలోపు అధ్యక్షులే అందుకున్నారు. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెబుతూ, విజయ ఆంటీ పేరు దాకా వచ్చి ఆగారు. ఎదురుగా, పదిహేను గజాల దూరంలో గ్రూప్ ఫొటో మొదలైపోతోంది. వాకర్ మధ్యలో ఉన్నాడు. శ్రీనివాసులు గారూ ఆయన మనుషులు నలుగురూ భుజం భుజం కలిపి ఆయన ముందు నిలబడ్డారు. ఐదుగురూ భారీ మనుషులే. ఫొటోగ్రాఫర్ ఒక కన్ను మూశాడు.

అధ్యక్షులు మైక్ వదిలేశారు.

చూసింది చూసినట్టు రాస్తాను. మైక్ నేల తాకేలోపే ఆయన రెండో అడుగులో ఉన్నారు. నడుము వంగింది, తల కిందికి వెళ్ళింది. మొదటివాడు చెయ్యి అడ్డంపెడితే దాని కిందనుంచి దూరారు. రెండోవాడి మోచేతిని ఎడమ చేత్తో కొట్టి పక్కకు నెట్టారు. శ్రీనివాసులు గారు రెండు చేతులూ చాపారు. అంకుల్ కుడి భుజం వంచి, ఆయన చుట్టూ గిర్రున తిరిగి, వాకర్‌ను నడుము దగ్గర రెండు చేతులతో పట్టుకున్నారు. పట్టుకుని కెమెరా వైపు తిరిగి నవ్వారు. క్లిక్‌మంది.

నా చేతిలో కూడా ఏదో క్లిక్‌మంది. మధ్యాహ్నమంతా బొటనవేలు ఆ బటన్ మీదే ఉంది. ఆయన కదలగానే నొక్కాను, చేరగానే నొక్కాను. ఎందుకో తెలియదు. పరుగు కోసం ఎదురుచూసి ఎదురుచూసి, వచ్చిన పరుగును వదల్లేకపోయాను.

వాకర్ ఊపిరి సర్దుకున్నాడు. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆయన కళ్ళలో ఆసక్తి కనబడింది. నాలుగు శాలువాలూ తీసి కుర్చీ మీద పెట్టి, స్టేజీ పక్కనున్న నా దగ్గరికి వచ్చి, టైమ్ తీశావా అని ఇంగ్లిష్‌లో అడిగాడు. ఆయన వెనక ఆరడుగుల దూరంలో సృజన్ అన్న బ్యానర్ పట్టుకుని నా నోటివైపే చూస్తున్నాడు. నేను చెప్పాల్సిన మాట నాకు తెలుసు, పద్నాలుగుసార్లు రాశాను. కానీ టీచరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం మా ఊరి బడి నేర్పిన మొదటి మర్యాద.

"టూ పాయింట్ సిక్స్, సర్," అన్నాను. తడబడలేదు కూడా.

ఆయన ఫారం నింపాడు. ఒక కాపీ చింపి నా చేతిలో పెట్టాడు, ఒకటి జేబులో పెట్టుకున్నాడు. మూడింటికి కారు కదిలింది. అన్న బ్యానర్ వదిలేశాడు. అది గాలికి లేచి పార్కింగ్ దాకా వెళ్ళింది. మా నాన్న దాని వెనక పరిగెత్తారు. ఆయన టైమ్ ఎవరూ తీయలేదు.

తర్వాతి సమావేశంలో ఆ ఫారం తెలుగులో చదివి మినిట్స్‌లో చేర్చమన్నారు. చేర్చాను. ఎత్తు: ఐదడుగుల మూడంగుళాలు, అంచనా. మొదటి అడుగు: అసాధారణం. చేతుల వాడకం: ఎవరూ నేర్పకుండా వచ్చినది. ఆపితే ఆగుతాడా: ఆగడు. వయసు: విచారించాలి. మొత్తం మీద అభిప్రాయం: ఇతనికి ఎత్తు అడ్డు కాదు.

సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శ్రీనివాసులు గారు కూడా కొట్టారు, మోచేతికి కట్టు ఉన్నా. అధ్యక్షులు ఇదంతా సమాఖ్య విజయమనీ, తాను నిమిత్తమాత్రుణ్ణనీ అన్నారు. ఎన్నికల కరపత్రంలో ఫారంలోని చివరి వాక్యం ఆయన ఫొటో కింద వచ్చింది.

ఫారం ఫ్రేము కట్టించి హాల్లో పెట్టే రోజున మేకు కొట్టడానికి సృజన్ అన్నను పిలిచారు. వచ్చాడు. నేను మేకుల డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాను. స్టాప్‌వాచ్ తిరిగిచ్చాను. అందులో అంకె ఇంకా అలాగే ఉంది, చెరపడం నాకు రాలేదు. అన్న దాన్ని చూశాడు.

"మంచి టైమే," అన్నాడు.

నేను డైరీలో ఆ వాక్యం పదిహేనోసారి రాశానని చెబుదామనుకున్నాను. ఒక మేకు తీసిచ్చాను. అతను గోడ మీద తన కళ్ళకు సరిగ్గా ఎదురుగా గుర్తు పెట్టుకుని సుత్తి ఎత్తాడు.

వెనకనుంచి వీరేశం అంకుల్ గొంతు వినిపించింది.

"ఇంకొంచెం పైకి, బిడ్డా. నీ ఎత్తుకు గొడితే ఎవరికి కనవడ్తది?"