పంటకు నష్టం లేదు

వేరే గ్రహం నుంచి వచ్చిన పురుగులు పెదనేలపాడులో ఐదో రైతును తినేశాక, కీటక శాస్త్రవేత్త వకుళాదేవి చీడపీడల పట్టిక నింపడానికి కూర్చుంది. గేదెదూడంత ఉన్న ఆ పురుగులు ఆకాశం నుంచి తిన్నగా పత్తి చేలల్లోనే దిగాయి. పాపం, మర్యాద తెలిసినవి. ఆకు తుంచవు, కాయ ముట్టవు. చేలో మనిషి కనబడితే మాత్రం చెప్పులు తప్ప ఏమీ మిగల్చవు.

పట్టికలో మొదటి గడి 'పురుగు ఆశించిన పంట'. ఆమె అందులో 'రైతు' అని రాసి జిల్లా కార్యాలయానికి పంపింది. మూడో రోజుకల్లా అది తిరిగొచ్చింది. తమ్ముడు శేషగిరి చేను ఆ ఊళ్ళోనే ఉంది. ఇక ఉండబట్టలేక తనే జిల్లా కార్యాలయానికి బయల్దేరింది.

అక్కడ వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు పట్టాభి కాఫీ తెప్పించాడు.

"రైతు పంట కాదు కదా మేడం. పంట పేరు లేకపోతే కంప్యూటర్ తీసుకోదు."

"అవి మనుషుల్ని తింటున్నాయండీ. ఊరు ఖాళీ చేయించండి. వేరే గ్రహం నుంచి..."

"వేరే గ్రహం మన జిల్లా పరిధిలోకి రాదు. ఇంతకీ పత్తి ఎట్టా ఉంది?"

"బాగానే ఉంది."

ఆయన 'పంట నష్టం లేదు' అని రాసుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆమె బయటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది.

"పత్తి తీత మొదలైందక్కా," అన్నాడు శేషగిరి. "ఇప్పుడు చేను వదిలేసి యాడికి పోను? వాన పడితే అంతా తడిసిపోద్ది."

శుక్రవారం గట్టు మీద అతని చెప్పులు దొరికాయి. వకుళాదేవి వాటిని ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా ఏడ్చింది.

దశదినకర్మ అయ్యాక పట్టాభి పరామర్శకు వచ్చాడు. నిజంగానే బాధపడ్డాడు. ఆపైన సంచీలోంచి రిజిస్టరు తీశాడు.

"పురుగు వల్ల నష్టం ఒక హద్దు దాటితేనే మందు కొట్టాలని మాకు పాఠం చెప్పింది మీరే కదా మేడం. అందుకని ఊరి లెక్క తీశాను. పోయినేడు ఏ పురుగూ లేదు. పురుగుమందు తాగి తమంతట తామే పోయిన రైతులు పదకొండు మంది. ఈ ఏడాది పురుగులు తిన్నవాళ్ళతో కలిపినా ఎనిమిదే."

ఆమె రిజిస్టరు దగ్గరికి లాక్కుని, రెండేళ్ళ పేర్లూ వేలు పెట్టి చదివింది. చివరి పేరు దగ్గర వేలు చాలాసేపు ఆగింది. లెక్కలో ఎక్కడా తప్పు దొరకలేదు. 'ప్రమాద స్థాయి: సాధారణం' అని తన చేత్తోనే రాసి, కింద సంతకం పెట్టింది.