తొమ్మిది నారింజ చొక్కాలు

ఆదివారం ఉదయం ఆరింటికి కత్తెర వేసిన పథకం చాలా చిన్నది. ఏడింటి బస్సు ఎక్కాలి. తొమ్మిదింటికి సరస్సు పార్కు చేరాలి. పదింటికల్లా పెద్దన్నయ్యనీ చెల్లెల్నీ ఒకే పడవలో కూర్చోబెట్టాలి. అంతే. నేల మీద అలిగిన మనిషి లేచి చక్కా వెళ్లిపోతాడు. నీళ్ల మధ్య అలిగితే ఎక్కడికి పోతాడు?

అతను దర్జీ. కత్తెర అనేది ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు, అదే ఊరంతా పాకింది. పెద్దన్నయ్య ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. చెల్లెలు నర్సు. నాలుగేళ్ల కిందట ఆసుపత్రిలో నర్సులు సమ్మె చేశారు. చెల్లెలు పన్నెండు రోజులు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. ఆ పన్నెండో రోజున, సమ్మె చేసేవాళ్లకి పనంటే బద్ధకమని పెద్దన్నయ్య అన్న మాట ఆమె చెవిన పడింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. బుధవారం ఆమె బదిలీ మీద వెళ్లిపోతోంది, రెండు రోజుల రైలు ప్రయాణం అంత దూరం. ఈ ఆదివారం మాట్లాడుకోకపోతే ఇక ఎప్పుడో, అసలు ఉందో లేదో.

సెలవురోజు జనంలో ఎవరూ తప్పిపోకుండా కత్తెర అందరికీ ఒకే రకం చొక్కాలు కుట్టాడు. తనవాళ్లు నలుగురు, అన్నయ్యవాళ్లు నలుగురు, చెల్లెలు. తొమ్మిది. గుడ్డ ఒక కాంట్రాక్టరు ఇచ్చిన అరవై చొక్కాల పనిలో మిగిలింది. ఆ అరవై ఎవరికో కాంట్రాక్టరు చెప్పలేదు, కత్తెర అడగలేదు. కుట్టేవాడికి తొడిగేవాడు కనపడని లోకం ఇది. అరవై కుట్టిన చెయ్యి ఊరుకుంటుందా? ఈ తొమ్మిదింటికీ అదే కాలరు, అవే మూత జేబులు, భుజం మీద అదే తెల్ల పట్టీ వేసేసింది.

"ఇంకే రంగూ దొరకలేదా మీకు? తొమ్మిది గ్యాసు బండలు నడిచొస్తున్నట్టున్నాం," అంది భార్య.

"గ్యాసు బండలు తప్పిపోవు," అన్నాడు కత్తెర.

బస్సులో పెద్దన్నయ్య మొదటి సీటు, చెల్లెలు చివరి సీటు. మధ్యలో కత్తెర.

"చిన్నన్నయ్యా, ఆ కిటికీ కాస్త మూయమను. దుమ్ము."

"ఎవర్ని?"

"కిటికీ ఎవరి పక్కనుంటే వాళ్లని."

"తమ్ముడూ, వెనక గాలాడక చస్తున్నారు, కిటికీ మూయనని చెప్పు."

"నేను చస్తున్నానని ఎవరన్నారో అడుగు!"

అడిగాడు. చెప్పాడు. మళ్లీ అడిగాడు. రెండు గంటల్లో కత్తెర బస్సులో ఆ చివరికీ ఈ చివరికీ నడిచిన దూరం, కండక్టరు నడిచిన దానికంటే ఎక్కువ.

బస్సు పార్కు వెనక గేటు దగ్గర ఆగింది. టికెట్టు తీయబోతే గేటు కాపలావాడు తలుపు బార్లా తెరిచాడు. "టికెట్టేంటి? తొందరగా రండి, మేనేజరుగారు ఇందాకట్నుంచి మీకోసమే చూస్తున్నారు!"

పెద్దన్నయ్య కాలరు సర్దుకున్నాడు. "నన్ను గుర్తుపట్టుంటారు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు ఊరికే పోదు."

లోపల మేనేజరు ఎదురొచ్చాడు. మెడలో టై, వీపంతా చెమట. వేళ్లతో లెక్కపెట్టాడు. "తొమ్మిదిమందేనా? కాంట్రాక్టరు ఇరవై మందిని పంపిస్తానన్నాడే! సరే, ఆడవాళ్లిద్దరు చెత్తబుట్టల దగ్గరికి. పిల్లలు క్యాంటీను బల్లలు తుడవాలి. నువ్వు రేవులో తాళ్లు పట్టుకో. పెద్దాయనా, నువ్వు క్యూ చూడు. నడవండి!"

"చూడండి, మేం పనివాళ్లం కాదు," అన్నాడు పెద్దన్నయ్య.

"పొద్దున వాళ్లూ ఇలాగే మొండికేశారు!" అని మేనేజరు అతని చేతిలో ఈల పెట్టి పరిగెత్తాడు.

సంగతేమిటంటే, ఆ పార్కు పనివాళ్లు నలభైమంది ఆ ఉదయమే పని ఆపి ముందు గేటు దగ్గర నేల మీద కూర్చున్నారు. అందరి ఒంటి మీదా నారింజ చొక్కాలు, మూత జేబులు, భుజాన తెల్ల పట్టీ. కత్తెర కుట్టిన అరవైలో నలభై అవి. వెనక గేటులోంచి వచ్చినవాళ్లకి ముందు గేటు సంగతి ఎలా తెలుస్తుంది?

ముందు గేటులో టికెట్లు కొనుక్కుని లోపలికొచ్చిన జనానికి మాత్రం ఒక్కటే తెలుసు. నారింజ చొక్కా అంటే పనివాడు. పనివాడంటే పిలవగానే రావాలి. రెండు నిమిషాల్లో చుట్టుముట్టేశారు. పడవ ఎప్పుడొస్తుంది? మరుగుదొడ్డి ఎటు? మా వాడి చెప్పు నీళ్లలో పడింది, తియ్యి. ఒకావిడ ఏడుస్తున్న పిల్లని తెచ్చి కత్తెర భార్య చేతిలో పెట్టి, "ఎవరో తప్పిపోయింది, మీరే చూసుకోండి," అని దులుపుకుని పోయింది. పది నిమిషాల్లో ఆమె దగ్గర అలాంటి పిల్లలు ముగ్గురయ్యారు. వదినగారు చీపురు పట్టుకుని, "ఈ పార్కులో తప్పిపోనిది మనమొక్కళ్లమే," అంది.

"ఏయ్ నారింజ! ఇటు!"

పెద్దన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు, ఎవర్ని పిలుస్తున్నారో అని. వెనక ఎవరూ లేరు. ముప్ఫై నాలుగేళ్లు "సార్" తప్ప మరో పిలుపు వినని చెవి అది. అతను నిన్నటి మనిషే. నడక అదే, మీసం అదే. మారింది చొక్కా. చొక్కా మారితే చూసే కళ్లు ఇంత తొందరగా మారతాయని ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఏ సర్క్యులర్లోనూ రాలేదు.

అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? ముందు అందరికీ వరుస నంబర్లిచ్చాడు. ముసలివాళ్లకి వేరే వరుస పెట్టాడు. గంటలో రెండు వందలమంది క్యూ తిన్నగా అయింది. అదే కొంప ముంచింది. పని బాగా చేసేవాణ్ణి ఎవరు వదులుతారు? మేనేజరు వచ్చి, "నువ్వు బావున్నావు. పడవలు కూడా తుడిచెయ్," అన్నాడు.

ఒంటిగంటయింది. పెద్దన్నయ్య మోకాళ్లు పట్టేశాయి. తిండి డబ్బా తీసి రేవు మెట్టు మీద కూలబడ్డాడు.

"లే, లే! డ్యూటీలో కూర్చోకూడదు!" మేనేజరు మళ్లీ ఊడిపడ్డాడు.

"అన్నం తినొద్దా?"

"నిలబడి తిను. క్యూ చూస్తూ తిను. ఇక్కడ మధ్యాహ్నం విరామం లేదు. అరగంట కావాలి, కూర్చోడానికి నీడ కావాలి అనేగా వాళ్లంతా గేటు దగ్గర కూర్చుంది!"

పెద్దన్నయ్య మూత తీసిన డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "దానికోసమా సమ్మె? అరగంటకా?"

"మరి! బద్ధకం కాకపోతే ఏంటి?"

ఆ మాట ఎక్కడో విన్నట్టుంది అనుకున్నాడు పెద్దన్నయ్య. డబ్బా మూత పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే చెల్లెలు ముందు గేటు దగ్గరికి వెళ్లింది. పొద్దుట్నుంచి ఆమె గీరుకున్న మోకాళ్లకి కట్లు కడుతూనే ఉంది. చొక్కా ఏదైనా ఆమె పని అదే గనక ఆమెకి అనుమానం రాలేదు. దూది అయిపోయింది, మందుల కొట్టు ఏదైనా ఉందేమోనని గేటు దాటింది. ఎదురుగా నలభైమంది లేచి నిలబడ్డారు. ముందున్నది పడవల తాళ్లు చూసే ఆవిడ, అరచేతుల నిండా కాయలు.

"అదిగో! దొడ్డిదారిన దూరినవాళ్లలో ఇదొకతి! మేం ఎండలో కూర్చుంటే మా చొక్కాలే వేసుకుని మా పని చేస్తావా? సిగ్గులేదూ?"

చెల్లెలు తన చొక్కా చూసుకుంది. వాళ్ల చొక్కాలు చూసింది. జేబు మూతలు చూసింది. పన్నెండు రోజులు మెట్ల మీద కూర్చున్న మనిషిని పట్టుకుని, సమ్మె విరగ్గొట్టేదానివి అన్నారు. చెంప పగలగొట్టినా అంత మండేది కాదు. "ఉండండి, ఇప్పుడే వస్తా," అని వెనక్కి తిరిగి పరుగెత్తింది.

రేవులో కత్తెర రెండు చేతులా ఒక పడవ తాడు పట్టుకుని నిలబడ్డాడు. పడవలో పెద్దన్నయ్య నిలబడి సీటు తుడుస్తున్నాడు.

"చిన్నన్నయ్యా! వదిలెయ్!"

"ఏంటి?"

"పని! పనాపు! మనం ఎవరి నోరు కొడుతున్నామో తెలుసా? తాడు వదిలెయ్!"

"అది కాదే, అన్నయ్య..."

"వదలమన్నానా!"

ఆమె నర్సు గొంతుతో అరిస్తే వార్డులో డాక్టర్లే వదిలేస్తారు, కత్తెర ఎంత? వదిలేశాడు. పడవ జారింది. పెద్దన్నయ్య రెండు చేతులూ గాలిలో ఆడించాడు. పడిపోయే మనిషి కనపడితే నర్సు ఆలోచించదు. ఒక్క దూకు దూకి అతని నడుం పట్టుకుంది. ఇద్దరూ దబ్బున సీటు మీద పడ్డారు. గాలి పడవని మెల్లగా సరస్సు మధ్యకి తీసుకుపోయింది. తెడ్లు రెండూ ఒడ్డున, కత్తెర కాళ్ల దగ్గర ఉన్నాయి.

పొద్దున అతను కోరుకున్నది అక్షరాలా జరిగింది. ఆ ఇద్దరూ వీపులు ఆనించుకుని కూర్చున్నారు.

"తమ్ముడూ!" పెద్దన్నయ్య ఒడ్డుకేసి కేకేశాడు. "ఆవిణ్ణి చేతులతో నీళ్లు తొయ్యమను!"

"చెల్లీ! నీళ్లు తొయ్యమంటున్నాడు!"

"తెడ్లు ఒడ్డున వదిలేసిందెవరో అడుగు!"

"అన్నయ్యా! తెడ్లెవరు వదిలేశారంటోంది!"

"తుడవడానికి తెడ్లెందుకని చెప్పు!"

పడవ దూరం జరిగేకొద్దీ కత్తెర గొంతు చిరిగిపోయింది. క్యూలో ఒకాయన జాలిపడి అందుకున్నాడు. తర్వాత ఇద్దరు. చివరికి రెండు వందలమంది ఒక్క గొంతుతో "తుడవడానికి తెడ్లెందుకూ!" అని అరుస్తుంటే, ముందు గేటు దగ్గర కూర్చున్నవాళ్లు అదేదో కొత్త నినాదం అనుకుని పరుగెత్తుకొచ్చారు.

మేనేజరు తల పట్టుకుని తాళ్లావిడ దగ్గరికి పోయాడు. "అమ్మా, నీకు దండం. వాళ్లని ఒడ్డుకి లాక్కురా. ముసలాయనకి ఏమన్నా అయితే నా ఉద్యోగం పోతుంది."

ఆవిడ చెల్లెల్ని చూసింది, నీళ్లని చూసింది. మనుషులు మునుగుతుంటే చూస్తూ కూర్చునే సమ్మె ఎక్కడా లేదు. తాడు భుజాన వేసుకుంది.

"ఆగమ్మా!" నీళ్ల మీంచి కేక. పెద్దన్నయ్య పడవలో లేచి నిలబడ్డాడు. "ఎవరూ రావద్దు! పడవ మునగట్లేదు, మేం బావున్నాం! అరగంట విరామం ఇస్తానని ఆ టై కట్టుకున్నాయన చెప్పేదాకా మేం ఇక్కడే ఉంటాం!"

ఒడ్డున తలలన్నీ మేనేజరు వైపు తిరిగాయి.

వీపు వెనక నుంచి, ఒడ్డుకి వినపడనంత చిన్నగా ఒక గొంతు వచ్చింది. "నీడ సంగతి కూడా చెప్పన్నయ్యా."

పెద్దన్నయ్య చేత్తో మొహం తుడుచుకున్నాడు. తర్వాత ముందుకంటే గట్టిగా అరిచాడు. "నీడ కూడా! కూర్చోడానికి బెంచీలు! రాతలో కావాలి! సంతకం, తేదీ, ముద్ర! ముద్ర లేని కాయితం నాకు చూపించకండి!"

మేనేజరు టికెట్టు పుస్తకం అట్ట వెనక రాసి గట్టిగా చదివాడు. పెద్దన్నయ్య పడవలోంచే రెండు తప్పులు దిద్దించాడు. ముద్ర వేస్తూ మేనేజరు గొంతు తగ్గించి తాళ్లావిణ్ణి అడిగాడు, "ఈ అరగంట... నాక్కూడా వర్తిస్తుందా? నేనూ పొద్దుట్నుంచి ఏం తినలేదు."

"పెద్దాయన్ని అడుగుతా ఉండండి," అందావిడ తెడ్డు అందుకుంటూ.

సాయంత్రం బస్సులో పెద్దన్నయ్య, చెల్లెలు ఒకే సీటులో కూర్చున్నారు. కబుర్లు, నవ్వులు, మధ్యమధ్య ఒకరి చేతి మీద ఒకరు చరుచుకోవడాలు. కిటికీ సగం మూశారు. ముందు సీటులో కత్తెర కళ్లు మూసుకుని వింటున్నాడు. గొంతు పోయిందన్న బాధ కూడా లేదు అతనికి.

"అయినా అన్నయ్యా," అంది చెల్లెలు, "నాకు పనంటే బద్ధకమని ఎలా అనబుద్ధేసింది నీకు?"

"నీకని ఎప్పుడన్నాను?"

"మా సమ్మెప్పుడు. పన్నెండో రోజు."

"ఓసి పిచ్చిదానా! సమ్మె చేసేవాళ్లకి పనంటే బద్ధకం అనుకునేవాణ్ణి, కానీ మా చెల్లెలు మూడు రాత్రులు నిద్ర లేకుండా వార్డులో నిలబడ్డ మనిషి, అదే మెట్ల మీద కూర్చుందంటే ఏదో పెద్ద కారణమే ఉంటుంది, దానికి నా మద్దతు ఉందని చెప్పు... ఇదీ నేనన్నది. మొత్తం చెప్పి మరీ పంపించాను కదా!"

"పంపించావా? ఎవరితో?"

కత్తెర కళ్లు తెరవలేదు. ఆ రోజు కొట్లో పని తలమునకలుగా ఉంది. అన్నయ్య మాట చూస్తే చాలా పొడుగు. పొడుగున్నదాన్ని కత్తిరించడం తప్ప అతనికి మరో విద్య రాదు.

ఇల్లు చేరేలోపు అన్నాచెల్లెళ్లిద్దరూ సమావేశమై, కత్తెరతో మాట్లాడరాదన్న తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.