జబ్బు లేని ఊరికి బంగారు కప్పు

మహమ్మారి వెళ్లిపోయిన నాటి నుంచి తమ పట్టణంలో ఒక్క స్త్రీకి కూడా రొమ్ము క్యాన్సర్ బయటపడలేదని పెద్దాసుపత్రి సూపరింటెండెంటు గారు సగర్వంగా ప్రకటించారు. ఈ ఘనత వెనుక ఉన్న కృషి సామాన్యమైనది కాదు. మహమ్మారి రోజుల్లో అత్యవసరం కాని పరీక్షలన్నీ 'తదుపరి ఉత్తర్వుల వరకు' నిలిపివేశారు. రొమ్మును ఎక్స్‌రే తీసే యంత్రమూ ఆగింది. తక్కిన పరీక్షల కోసం జనం వచ్చి గొడవ చేస్తే ఉత్తర్వులు వచ్చాయి. దీని కోసం గొడవ చేయాలంటే ముందు ఆ అవయవం పేరు పలకాలి గనుక ఎవరూ అడగలేదు. ఎవరూ అడగలేదు గనుక అవసరం లేదని తేలింది. పరీక్ష లేదు గనుక జబ్బు కనబడలేదు. కనబడలేదు గనుక ప్రభుత్వం బంగారు కప్పు మంజూరు చేసింది. ఈ తర్కంలో ఎక్కడా లోపం లేదు.

లోపమల్లా లెక్కల టీచరమ్మలో ఉంది. స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ ఆమె వేలికి తగిలింది. మొదలుపెట్టిన లెక్కను సగంలో వదిలే అలవాటు లేని మనిషి కావడం వల్ల, ఆడపడుచును వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. సరిగ్గా అదే రోజు కప్పు ప్రదానం.

సభాస్థలి యంత్రం గదే. రొమ్మును ఆనించవలసిన పలక నున్నగా, సమతలంగా, కప్పు నిలబెట్టడానికే చేసినట్టు ఉంది.

"ఇన్నాళ్లు ఆగారు కదమ్మా, ఇంకో వారం ఆగలేరా?" అన్నారు సూపరింటెండెంటు గారు బతిమాలుతూ. "ఇవాళే ఊరి పరువు తీయాలా?"

"నేను ఆగుతానండీ. గడ్డ ఆగుతుందా?"

"అసలు ఆ జబ్బే ఊళ్లో లేదమ్మా. రికార్డుల్లో సున్నా."

"ఎంతమందిని చూస్తే వచ్చిందండీ ఆ సున్నా?"

"అదీ సున్నాయే," అన్నారాయన, అదనపు ఘనత చెప్పుకుంటున్నట్టు.

ఆడపడుచు చెంగు లాగింది. "పద వదినా, పోదాం. నలుగురిలో ఆ మాట అలా అనేస్తుంటే నాకు తల కొట్టేసినట్టుంది."

"నీ తలకేం కాలేదులే. ఆ కుర్చీ ఇటు జరుపు," అని టీచరమ్మ యంత్రం ముందు బైఠాయించింది.

ఇంతలో కప్పుతో మంత్రిగారు వేంచేశారు. ఆమె కూడా స్త్రీయే అన్న సంగతిని ఆహ్వాన సంఘం గమనించలేదు. సూపరింటెండెంటు గారు మైకు అందుకున్నారు. "ఆ యొక్క సున్నితమైన భాగానికి సంబంధించిన ఆ యొక్క వ్యాధిని ఏ మందూ వాడకుండా, ఏ పరీక్షా చేయకుండా నిర్మూలించిన ఏకైక పట్టణం మనది." చప్పట్లు మోగుతుండగా గుమ్మంలోనే సంగతి విన్న మంత్రిగారు పక్క కుర్చీలోని టీచరమ్మ వైపు వంగి, "గడ్డ ఉందని మీకెలా తెలిసిందండీ?" అని గుసగుసగా అడిగారు.

"తడిమి చూసుకున్నాను."

"నాకూ ఒకటి తగులుతోంది. మావారికి కూడా చెప్పలేదు."

తదుపరి ఉత్తర్వు అక్కడికక్కడే, మంత్రిగారి నోటిమాటగా వెలువడింది. మగవారందరూ బయటికి నడిచారు. బెలూన్లు కడుతున్న ఎక్స్‌రే అమ్మాయి పలక మీది కప్పును దించి నేలమీద పెట్టి, పలక తుడిచి, యంత్రం ఆన్ చేసింది. మంత్రిగారిది వట్టి నీటితిత్తి. టీచరమ్మది సూది పరీక్షలో జబ్బేనని తేలింది. మొదటి దశ, నయమవుతుందన్నారు డాక్టరమ్మ. బంగారు కప్పు వచ్చిన కారులోనే వెనక్కి వెళ్లింది.

ఊరు మండిపడింది. లేని జబ్బును ఊళ్లోకి తెచ్చినందుకు లెక్కల టీచరమ్మను ఖండిస్తూ పౌరసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మర్నాడు తీర్మానం చేసినవారి భార్యలే, ముఖాలకు గొడుగులు అడ్డం పెట్టుకుని, యంత్రం గది ముందు బారులు తీరారు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన టీచరమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఆడపడుచు పక్కన కూర్చుని మార్కులు కూడుతూ, తనకూ వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఉందని మామూలు గొంతుతోనే చెప్పింది.

ఆ పట్టణంలో జబ్బు పెరిగిపోతోందని ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లవారు జాలిపడుతున్నారు. మీ ఇంట్లో ఆడవాళ్లెవరికీ లేదంటున్నారు, చాలా సంతోషం. చూసిందెవరు?